ఉపవాసం రోజున చూసిన చెరువు కట్ట

బుర్హాన్ లంచగొండి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. అతని గురించి ఎవరు మాట్లాడినా ఇక్కడినుంచే మొదలుపెడతారు, అతనైతే మరీనూ. "పూరే, దేవుడి మీద ఒట్టు, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరి దగ్గరా ఒక్క దినారు ముట్టలేదు" అని నాతో అనేటప్పుడు అతని నోట్లో నేను ద్రాక్షాకులో బియ్యం పెట్టి చుట్టిన యప్రాఖ్ ఉండేది, పైపంటికి ఆకు పేలిక అంటుకుని ఉండేది. ఊరంతటికీ నేను పూర్‌నే, అంటే అత్తనే. అందుకే అతనూ అలాగే పిలిచేవాడు. డబ్బు ముట్టని మాట నిజం. కడుపు నిండేవాడికి జేబుతో పనేముంది.

అతని ఉద్యోగం చెరువుల పట్టిక రాయడం. మా కొండల్లో ప్రతి వాగుకీ ఎక్కడో ఒకచోట అడ్డంగా మట్టికట్ట వేసి ఉంటుంది, దాని వెనక చెరువు, దాని కింద ఇళ్ళు. ఏడాదికోసారి ప్రతి కట్టనీ చూసి, దాని పేరుకి ఎదురుగా మూడు మాటల్లో ఏదో ఒకటి రాయాలి. బాగుంది, కనిపెట్టి ఉండాలి, ప్రమాదం. ఒక ప్రతి పట్నంలో ఆఫీసు గోడమీద అంటించాలి, ఇంకొకటి ఆ ఊరి మసీదు తలుపు పక్కన. ఎవరైనా చదువుకోవచ్చు, చదివి అడగొచ్చు. కట్ట కింద పడుకునేవాళ్ళకి కట్ట సంగతి తెలియాలని పెట్టిన పద్ధతి. మంచి పద్ధతే. పెట్టినవాళ్ళకి బుర్హాన్ ఆకలి సంగతి తెలియదు, అంతే.

మనిషి పొట్టి, పొట్ట పెద్దది. మీసానికి నల్లరంగు, చంకలో తోలుసంచి. ఊటనీళ్ళు పట్టి చూడమని ఆఫీసువాళ్ళు ఇచ్చిన గాజు సీసాలు ఆ సంచిలో ఉండేవి. నేను చూసినప్పుడల్లా వాటిలో ఏదో ఒక ఊరివాళ్ళు పోసిచ్చిన తేనె గానీ దానిమ్మ పులుసు గానీ ఉండేది. సరిగ్గా మధ్యాహ్నం నమాజు వేళకి అతని కారు మా ముఖ్తార్ ఇంటి ముందు ఆగేది. ముఖ్తార్ వస్మాన్ మా ఊరి పెద్ద. పేరుకి ఊరి పెద్ద, పనికి చెరువు ఒడ్డున టీకొట్ల యజమాని. ఇద్దరూ భుజాలమీద ముద్దులు పెట్టుకుని అతిథుల గదిలో, అదే దివాన్‌లో కూర్చునేవారు. నేను వండిన భోజనం వచ్చేది, దాని వెనక టీ, టీ వెనక ఇంకో టీ. ఆ తర్వాత బుర్హాన్ మేడ ఎక్కి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, దూరంగా కనిపించే కట్టని చూసి "మాషాల్లా, ఎంత నిబ్బరంగా ఉందో" అనేవాడు. కిందికి దిగి "బాగుంది" అని రాసేవాడు. మా బర్దస్పీ చెరువు బాగుంది. ఏటా బాగుంది.

చెరువుల్ని అతను భోజనాలతోనే గుర్తుపెట్టుకునేవాడు. "పీరాన్ చెరువా? అబ్బ, ఆ తష్రీబు. రొట్టె పులుసులో నాని నాని వెన్నలా ఉంటుంది పూరే." పీరాన్ కట్ట ఎంత ఎత్తని అడిగితే మాత్రం పట్టిక తిరగెయ్యాలి.

ఆ పట్టికలో ప్రమాదమని రాసినది ఒక్క గోమలాన్ చెరువు మాత్రమే. గోమలాన్‌లో గొర్రెలకాపరులు తప్ప ఎవరూ ఉండరు. అతను వెళ్ళిన రోజున మగాళ్ళంతా మందలతో కొండమీద ఉన్నారు. ఓ ముసలమ్మ గిన్నెడు పుల్లమజ్జిగ ఇచ్చి తలుపేసుకుంది. చేసేదిలేక బుర్హాన్ కట్ట దాకా నడిచాడు, చూశాడు, చూసింది రాశాడు. దానిమీద పట్నంనుంచి రాళ్ళు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి. ఇవాళ మా లోయ మొత్తంలో గట్టి కట్ట అంటే గోమలాన్‌దే. దాన్ని చూసి మా మగాళ్ళు ఏం నేర్చుకున్నారో వినండి. "సిగ్గులేని జనం, అతిథికి ఓ ముద్ద పెట్టలేక మసీదు గోడమీద ప్రమాదమని రాయించుకున్నారు." అదీ మావాళ్ళ తెలివి. కట్ట తెగితే ఫర్వాలేదు, పరువు తెగకూడదు.

ఇదంతా బుర్హాన్ తిండిపోతుతనం అని కొట్టిపారేస్తే పని సులువు. కానీ ఓసారి టీ తాగుతూ అతనే తన చిన్నతనం చెప్పాడు. జనమంతా మంచులో కొండలు దాటి సరిహద్దుకి పారిపోయిన ఏడాది, ముక్కూ మొహం తెలియని ఓ కుటుంబం బుర్హాన్ వాళ్ళని చలికాలమంతా ఇంట్లో పెట్టుకుని తమ రొట్టె పంచి పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు బుర్హాన్ నాన్న ఇతని భుజం పట్టుకుని, "ఎవరి రొట్టే ఉప్పూ తిన్నావో వాళ్ళింటి గురించి చెడ్డమాట నీ నోట రాకూడదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడు మనిషి కాదు" అన్నాడట. చెబుతూ బుర్హాన్ ఏడ్చాడు. నా కళ్ళూ తడిశాయి, అబద్ధమెందుకు. కానీ ఇంటికి వెళ్ళి గిన్నెలు తోముతుంటే ఒళ్ళు మండింది. ఆ పెద్దాయన చెప్పింది మనుషుల గురించి, మట్టికట్టల గురించి కాదు. ఇతని ఉద్యోగమే వాసాలు లెక్కపెట్టడం. ఆ పని చెయ్యలేనివాడు ఇంట్లో కూర్చోవాలి, లేదా అన్నం మూట కట్టుకుని రావాలి.

ఇక మా చెరువు సంగతి. వసంతం వస్తే మా వాళ్ళెవరూ ఇళ్ళల్లో ఉండరు. శుక్రవారం శుక్రవారం పట్నమంతా చాపలు, సమోవార్లు, కోళ్ళు కారు డిక్కీల్లో పడేసుకుని నీళ్ళ ఒడ్డుకి వచ్చేస్తుంది. ఒడ్డున బురద కనిపిస్తే పట్నం ఆడవాళ్ళు ముక్కు చిట్లిస్తున్నారని ముఖ్తార్ వస్మాన్ ఒక ఏడాది అలుగుని సిమెంటు ఇటుకలతో మూయించాడు. ఎక్కువైన నీళ్ళు పోయే దారి అదొక్కటే. చెరువు నిండుగా, అద్దంలా నిలిచింది. ఆ ఇటుకల మీదే మంచి టీకొట్టు ఒకటి కట్టించాడు. జనం అక్కడ చేతులు పట్టుకుని వరసకట్టి నాట్యం చేసేవారు. నీళ్ళకి దారిలేని చోట మనుషులు ఆడారు.

ఆ ఏడాదినుంచే కట్ట కింద, నా కూతురు ఖునావ్ పెరట్లో నేల చెమ్మగా ఉండడం మొదలైంది. ఖునావ్ ఇల్లు కింది వాడలో, కట్టకి ఆనుకున్నట్టే ఉంటుంది. అల్లుడు షాఖవాన్ అక్కడ కోళ్ళ షెడ్డు పెట్టుకున్నాడు. వాళ్ళకి కవల పిల్లలు పుట్టిన చలికాలంలో ఆ చెమ్మ ఊట అయింది. నెలలు తిరక్కముందే ఊటనీళ్ళ రంగు మారింది. నేను వెళ్ళిన ప్రతిసారీ పెరట్లోకి వెళ్ళి చూసేదాన్ని, తర్వాత లోపలికొచ్చి తొట్టిల చూసేదాన్ని. ఆ గది వెనక గోడకీ కట్టకీ మధ్య ఉన్నదల్లా ఆ పెరడే.

"మా ఇంటికొచ్చెయ్యండి, వసంతం వానలు తగ్గేదాకా" అన్నాను షాఖవాన్‌తో.

"కోళ్ళనెవరు చూస్తారు పూరే? అయినా ఎందుకూ రావడం?"

"ఆ నీళ్ళు కనబడట్లేదా నీకు?"

"కనబడుతున్నాయి. మసీదు దగ్గర పట్టిక కూడా కనబడుతోంది. బాగుందని రాసుంది. గవర్నమెంటు కన్నా నీకెక్కువ తెలుసా?"

"గవర్నమెంటు మా ముఖ్తార్ మేడమీదనుంచి చూసి రాసింది."

"ఎక్కణ్ణించి చూస్తేనేం, చదువుకున్నవాడు చూశాడు. అతను ప్రమాదమని రాసిన రోజున నేనే తొట్టిల నెత్తిన పెట్టుకుని వస్తాను. అప్పటిదాకా నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యకు."

గొర్రె కసాయిని నమ్మినట్టు నా అల్లుడు కాగితాన్ని నమ్మాడు. ఖునావ్ మొగుడి మాట దాటే పిల్ల కాదు. కాబట్టి నాకు మిగిలింది ఒకటే పని. ఆ కాగితం మీద మాట మార్పించాలి.

మార్పించడం ఎలా? బుర్హాన్ మా ఊరొస్తే తింటాడు, తింటే బాగుందని రాస్తాడు. ముఖ్తార్ ఇంట్లో వంట మనిషిని నేనే అయినా, నేను వండనంటే ఇంకొకరు వండుతారు. ఊళ్ళో ఇరవై పొయ్యిలు వెలుగుతాయి. మా దగ్గర అతిథిని ఆకలితో పంపడం కన్నా మనిషిని చంపడం తేలిక. ఎంత ఆలోచించినా దారి దొరకలేదు. అంతలో రంజాన్ నెలవంక కనిపించింది.

బుర్హాన్ రంజాన్‌లో ఉపవాసం ఒక్కటీ మానేవాడు కాదు, చెరువు ఒక్కటీ చూసేవాడు కాదు. "ఈ నెల కట్టలకేమీ కాదు పూరే, దేవుడే చూసుకుంటాడు" అనేవాడు. మిగతా నెలల్లో దేవుడికి సెలవేమో. నేను పట్నం వెళ్ళాను. ఆఫీసు గోడమీద పట్టిక పక్కనే నియమాలు రాసి ఉన్నాయి, నాకు చదువొచ్చు. కట్ట కింద కాపురమున్న ఇంటివాళ్ళు రాతపూర్వకంగా అడిగితే వారంలోగా వచ్చి చూడాలని ఉంది. ఖునావ్ చేత వేలిముద్ర వేయించుకుని కాగితం తీసుకెళ్ళాను. పై అధికారి ముద్ర కొట్టి బుర్హాన్ బల్లమీదికి తోశాడు.

"ఈద్ వెళ్ళాక వస్తాను పూరే" అన్నాడు బుర్హాన్, నన్ను పక్కకి తీసుకెళ్ళి. "ఉపవాసంతో కొండలెక్కమంటావా?"

"వారంలోగా అని రాసుంది కాకా" అన్నాను. కాకా అంటే మాకు అన్న.

"నా మీద నీకేం పగ?"

"పగ ఉంటే ఈద్ రోజునే పిలిచి యప్రాఖ్ పెట్టేదాన్ని" అన్నాను.

వచ్చాడు. మధ్యాహ్నం దాటాక, పెదాలు ఎండిపోయి, ఎవరినో తిట్టుకుంటూ కారు దిగాడు. సీసాలు ఆ రోజు ఖాళీగా గలగలమంటున్నాయి. ముఖ్తార్ వస్మాన్ అప్పటికే గుమ్మంలో సిద్ధం.

"ఎండపడి వచ్చారు కాకా. దివాన్‌లో నడుం వాల్చండి. ఇఫ్తార్ అయ్యాక తీరిగ్గా మేడెక్కి చూద్దురుగాని."

"పొద్దుగూకాక మేడమీదనుంచి ఏం కనిపిస్తుంది ముఖ్తార్?" అన్నాను. "నీ టీకొట్టు దీపాలా?"

"ఆడదానివి, నీకెందుకు ఈ గొడవ? కట్ట మగాళ్ళు చూసుకుంటారు."

"ఇన్నేళ్ళూ చూశారుగా, భోజనాలయ్యాక. ఇవాళ ఆకలితో ఉన్న మగాణ్ణి చూడనివ్వు."

బుర్హాన్ నా వైపు చూశాడు, ముఖ్తార్ వైపు చూశాడు. లోపల పడుకున్నా ఆకలే, బయట నడిచినా ఆకలే. సూర్యుడు ఇంకా చాలా పైనున్నాడు. ఏం చెయ్యాలో తోచని మనిషి పని చేస్తాడని ఆ రోజే నాకు తెలిసింది. సంచి చంకన పెట్టుకుని నడిచాడు.

కట్టమీద మొదట చూసింది అలుగు. ఇటుకలు చూసి, వాటి మీద టీకొట్టు చూసి తల తిప్పుకున్నాడు, అక్కడ తాగిన టీలు గుర్తొచ్చాయేమో. అక్కడినుంచి వాలు దిగి ఖునావ్ పెరట్లోకి వచ్చాడు. చెప్పులు విప్పి ఊటలో నిలబడ్డాడు. సీసాలో నీళ్ళు పట్టి వెలుతురుకి ఎత్తి చూశాడు. వేళ్ళ మధ్య రుద్దాడు. తర్వాత చాలాసేపు వంగి, కట్ట పాదం వెంట చేత్తో తడుముతూ నడిచాడు. నేను అతన్ని అలా ఎప్పుడూ చూడలేదు. తిరిగొచ్చేసరికి అతని మొహంలో విసుగు లేదు.

"తేట ఊట ప్రతి మట్టికట్టకీ ఉంటుంది పూరే, దానికి భయంలేదు" అన్నాడు. "ఇది మట్టిని మోసుకొస్తోంది. లోపల బుంగ పడింది. పైన దారి మూసేశారు కాబట్టి చెరువు బరువంతా దీనిమీదే. నాలుగు గట్టి వానలు పడితే..."

"పడితే?"

అతను ఖునావ్ ఇంటి వెనక గోడ వైపు చూశాడు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఏమీ తెలియని వెధవ అయి ఉంటే క్షమించేదాన్ని. అన్నీ తెలుసు ఇతనికి. నీటి రంగు తెలుసు, బుంగ తెలుసు, బరువు తెలుసు. ఆ చదువంతా ఇన్నేళ్ళూ నా యప్రాఖ్ కింద అణిగి పడుంది.

"రాయండి" అన్నాను.

అతను కాగితం తీశాడు, కలం తీశాడు, ఆగాడు. "ముఖ్తార్ ఇంట్లో ఎన్నిసార్లు తిన్నానో నీకు తెలుసు. ఆ ఊరి చెరువుమీద ప్రమాదమని నా చేత్తో ఎలా రాయను పూరే? నా చెయ్యి రాదు."

"ఆ వంట వండిందెవరు?"

"నువ్వే."

"ఉప్పు వేసిందెవరు?"

అతను కలం దించాడు.

"మాంసం వాడిది, బియ్యం వాడివి. ఉప్పు నా చేత్తో పడింది. పళ్ళేలు మోసుకొచ్చి మీ ముందు పెట్టింది నా కూతురు. అదిగో ఈ గోడ దానిది. ఆ తీగమీద ఆరేసినవి దాని పిల్లల గుడ్డలు. మీ నాన్న చెప్పిన మాటే తీసుకుందాం కాకా, నాకేం అభ్యంతరం లేదు. ఎవరి ఉప్పుకి ద్రోహం చేస్తారో మీరే తేల్చుకోండి."

గుడ్డల వైపు చూశాడు. లోపలినుంచి పిల్ల ఒకటి ఏడవడం వినిపిస్తోంది. బుర్హాన్ మోకాలిమీద కాగితం పెట్టుకుని రాశాడు. బర్దస్పీ చెరువు: ప్రమాదం. చెయ్యి రాదన్నవాడి అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా వచ్చాయి.

అతన్ని వదలకుండా మసీదు దాకా నడిపించుకెళ్ళాను. తలుపు పక్కన పాత కాగితం మీదే కొత్తది అంటించాడు. ముఖ్తార్ వగర్చుకుంటూ వచ్చి చదివాడు. అరుస్తాడనుకున్నాను. వాడు అంత తేలిక మనిషి కాదు. బుర్హాన్ చెయ్యి పట్టుకుని, "ఫర్వాలేదు కాకా, ఆకలి మీద ఎవరికైనా లోకం చెడ్డగానే కనిపిస్తుంది. ఉపవాసం విడిచే బాంగ్ వేళ అయింది. రండి, ముందు ఓ ముద్ద తిందాం" అన్నాడు.

ఆ ముద్దతో ఏం చెయ్యబోతున్నాడో నాకు అర్థమైంది. ఉపవాసం విడిచి, రెండు ఖర్జూరాలూ గుక్కెడు నీళ్ళూ గొంతులో పోసుకుని, నేను మళ్ళీ మసీదు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. నేను అనుకున్నట్టే, భోజనం ముగిసీ ముగియగానే బుర్హాన్ వచ్చాడు, పళ్ళు కుట్టుకుంటూ. నన్ను చూసి కాస్త తడబడ్డాడు గానీ, వెళ్ళి కాగితం మూల గోటితో గీకడం మొదలుపెట్టాడు.

"ప్రమాదమంటే మరీ పెద్ద మాట పూరే. కనిపెట్టి ఉండాలని రాస్తాను. అదీ హెచ్చరికే. ఈద్, కొత్త సంవత్సరం నౌరోజ్ ఒకేసారి వస్తున్నాయి ఈ ఏడాది, ఊరివాళ్ళ పండగ చెడగొట్టడమెందుకు?"

"తీసెయ్యండి. మధ్యాహ్నం రాసింది అబద్ధమని ముల్లాతో నేనే చెబుతాను."

"అబద్ధమని ఎవరన్నారు?"

"నిజమైతే తీసెయ్యరుగా. మరి అబద్ధమైతే ఉపవాసంతో ఉండి రాశారు. అబద్ధమాడుతూ పట్టింది ఆకలే తప్ప ఉపవాసం కాదని మీరే నాకు చెప్పారు. ఈ రోజుది మళ్ళీ పట్టాలేమో, ముల్లాని అడగండి. లోపలే ఉన్నాడు."

అతని గోరు కాగితం మూలనే ఆగిపోయింది. నమాజుకి వస్తున్నవాళ్ళు ఒకరొకరే మమ్మల్ని చూస్తూ లోపలికి వెళుతున్నారు. డబ్బు ముట్టలేదని ఊరూరా చెప్పుకునే మనిషి, ఒక్క ఉపవాసం కూడా పోనివ్వలేదని చెప్పుకునే మనిషి. ఆ కీర్తి పోగొట్టుకోవడం అతనివల్ల కాదు. అతని మంచితనం మీద నాకు ఆశ లేదు, అతని గొప్పమీద ఉంది. గీకిన మూలని మళ్ళీ బొటనవేలితో నొక్కి అంటించి కారెక్కాడు.

షాఖవాన్ మర్నాడు పొద్దున ఆ కాగితం చదివాడు, రెండుసార్లు చదివాడు. సాయంత్రానికి తొట్టిలతో, పిల్లలతో, ఖునావ్‌తో మా ఇంటికి వచ్చాడు. కోళ్ళని కూడా వెంట తెచ్చాడు. "మాటంటే మాటే పూరే, గవర్నమెంటు చెప్పిందిగా" అన్నాడు, తనే కనిపెట్టినట్టు.

పట్నంనుంచి హుకుం వచ్చింది. టీకొట్టు పడగొట్టి అలుగు తెరిచారు, తూము ఎత్తి చెరువు దించారు. ఈద్, నౌరోజ్ కలిసొచ్చిన ఆ మూడురోజులూ కార్లు వచ్చి బురద చూసి వెనక్కి తిరిగాయి. ఊరు నాతో మాట్లాడడం మానేసింది. తందూరు దగ్గర ఆడవాళ్ళు నేను రాగానే పిండి ఎత్తుకుని లేచేవారు. "అత్తగారి ఇంట్లో కూర్చుని తినడానికి అల్లుడికి దారి చేసింది" అని ముఖ్తార్ పెళ్ళాం నాకు వినబడేలాగే అంది.

పండగ వెళ్ళిన వారానికి వానలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం కట్ట నడుం విరిగినట్టు కుంగి, బుంగ దగ్గర గండి పడింది. చెరువులో ఉన్నది పావువంతు నీళ్ళే. ఆ పావువంతే ఖునావ్ పెరట్లోంచి వచ్చి గది వెనక గోడని తోసేసి, గది నిండా బురద నింపి, ముందు గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. కోళ్ళ షెడ్డు రేకులు వాగులో దొరికాయి. మనిషన్నవాడికి గోరు కూడా ఊడలేదు.

మర్నాడు బుర్హాన్ వచ్చాడు. ముఖ్తార్ గుమ్మం తెరవలేదు. ఖునావ్ గది దగ్గరికి తీసుకెళ్ళాను, లోపల కిటికీ ఎత్తున బురద.

"తొట్టిల ఎక్కడుండేది?" అని అడిగాడు.

చూపించాను. అక్కడ గోడరాళ్ళు కుప్పగా పడున్నాయి. బుర్హాన్ గుమ్మంలోనే కూలబడ్డాడు. "పూరే, మిగతా ఊళ్ళు..." అన్నాడు. నాకు జాలేసింది. జాలి వెంటనే ఒళ్ళు మండింది కూడా. ఈ ఒక్క గదిలో రాళ్ళు చూస్తే గానీ లోయంతా ఉన్న తొట్టిళ్ళు గుర్తురాలేదా నాయనా అనుకున్నాను.

ఊరు ఏమనుకుందంటారా? "చూశావా, ఎవరూ పోలేదు. దీనికోసం మా నౌరోజ్ పాడుచేశావు" అంది. చెరువు నిండుగా ఉండుంటే ఏమయ్యేదో చెప్పబోయాను. చచ్చినవాళ్ళని చూపిస్తే తప్ప నమ్మనివాళ్ళతో వాదించడం గోడకి చెప్పడమే. అది కూడా కూలిపోయిన గోడ.

బుర్హాన్ మాత్రం ఆ రోజునుంచి మారాడు. ఇంటినుంచి రెండు రొట్టెలు, ఓ ఉల్లిపాయ గుడ్డలో కట్టుకుని మళ్ళీ మొదటినుంచి అన్ని చెరువులూ తిరిగాడు. ఏ ఊరి దివాన్‌లోనూ అడుగుపెట్టలేదు. కారు నీడలో కూర్చుని తిని, సీసాల్లో ఊటనీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయేవాడు. పీరాన్ కట్టమీద ప్రమాదమని రాశాడు. ఇంకో రెండిటిమీద కనిపెట్టి ఉండాలని రాశాడు. అప్పుడు లేచాయి ఊళ్ళు. మా రొట్టె ముట్టనివాడు మమ్మల్ని అవమానించాడని, వాడి కాగితం మా మసీదుకి అక్కర్లేదని ముఖ్తార్లంతా కలిసి పట్నం వెళ్ళారు. ఇన్నేళ్ళు తిన్నప్పుడు అతని మీద ఒక్క ఫిర్యాదు లేదు. తినడం మానేశాక వచ్చాయి. పై అధికారి అతన్ని సామాన్ల గదికి మార్చాడు. ఇప్పుడు అక్కడ పైపులూ తాళ్ళూ చూసుకుంటున్నాడు. వాటికి వండిపెట్టేవాళ్ళెవరూ లేరు.

అతని చోటికి హేమిన్ అని కొత్త కుర్రాడొచ్చాడు. మర్యాదస్థుడని ముందే పేరు పడింది. మా గండి ఇంకా అలాగే ఉంది, మేకలు అందులోంచే అవతలికి వెళ్ళి వస్తున్నాయి. వచ్చే వసంతానికల్లా పూడ్పించి మళ్ళీ నీళ్ళు నిలుపుతానని ముఖ్తార్ బుల్డోజరు మాట్లాడుకుంటున్నాడు. హేమిన్ మధ్యాహ్నం నమాజు వేళకి వచ్చాడు, ముఖ్తార్ ఇంట్లో భోంచేశాడు, మసీదు దగ్గర కాగితం అంటించి వెళ్ళిపోయాడు. బర్దస్పీ చెరువు: బాగుంది.

లేని కట్ట బాగుందట. ఊళ్ళో ఒక్కరూ నవ్వలేదు.

షాఖవాన్ అది చదివి హుషారుగా ఇంటికొచ్చాడు. "ఖునావ్, కింద ఇల్లు మళ్ళీ లేపుకుందాం. పట్టికలో బాగుందని వచ్చింది" అన్నాడు.

పెళ్ళయినప్పటినుంచీ మొగుడికి ఎదురుచెప్పి ఎరగని పిల్ల, ఒళ్ళో పిల్లవాడికి పాలు పడుతూ తలెత్తకుండానే అంది: "ఆ కాగితం నాకు చదివి చెప్పకు. వాడికి ఏం వండి పెట్టారో కనుక్కునిరా."

షాఖవాన్ కనుక్కోవడానికి వెళ్ళలేదు. పొద్దున ముఖ్తార్ ఇంటికి కోళ్ళు పంపింది తనే.